‘డిపెండెంట్’ అనే మాట వెనక 150 ఏళ్ళు

మా పెళ్ళయిన ఇరవయ్యో రోజుకి నేను మళ్ళీ విమానం ఎక్కేశాను. సెలవు అంతే దొరికింది మరి. ఆ తర్వాత రెండు నెలలకి మా ఆవిడ హెచ్-4 వీసా ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడ వెళ్ళింది. ఫైల్లో శుభలేఖ, రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకున్న మ్యారేజి సర్టిఫికెట్, నా ఐ-797 కాపీ, పే స్టబ్బులు. ఇవి కాక పెళ్ళి ఆల్బం. ఆ ఆల్బం ఎంత బరువుంటుందో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మావయ్యగారు దాన్ని గేటు దాకా మోసుకొచ్చారట. లోపల ఆఫీసరు అడిగినవి మూడే ప్రశ్నలు. మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడు, పెళ్ళెప్పుడయింది, పెళ్ళికి ఎంతమంది వచ్చారు. ఆల్బం తెరవనే లేదు. రెండు నిముషాల్లో పని అయిపోయింది.

ఇంట్లో అందరూ స్వీట్లు పంచుకున్నారు. అత్తయ్యగారు చిలుకూరులో 108 ప్రదక్షిణలకి మంచిరోజు చూడ్డం మొదలెట్టారు. రాత్రి ఫోన్లో మాత్రం మా ఆవిడ గొంతులో ఉత్సాహం లేదు.

"నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. ఇంజినీరింగులో నీకన్నా నాకే మార్కులెక్కువ. రేపు రాజీనామా కాగితం ఇవ్వాలి. ఇప్పుడు నేను నీ డిపెండెంటుని. అసలీ మాట ఎవరు రాశారు?"

"అదంతే, రూలు" అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకే సిగ్గేసింది. ఆఫీసులో పాత కోడ్‌లో ఓ వింత కండిషన్ కనబడితే "అదంతే" అని ఊరుకుంటామా? ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఏ సమస్య కోసం పెట్టారు అని పాత వెర్షన్లన్నీ తిరగేస్తాం కదా. తను ఇక్కడికి వచ్చేలోపు ఖాళీ దొరికినప్పుడల్లా ఈ రూలుకి కూడా అదే పని చేశాను. తవ్వుతూ పోతే 1875 దాకా వెళ్ళింది.

ఆ ఏడాది అమెరికా కాంగ్రెస్ పేజ్ యాక్ట్ అనే చట్టం చేసింది. ఆ దేశం వలసల మీద పెట్టిన తొలి ఆంక్షల చట్టాల్లో అదొకటి. పైకి చెప్పిన కారణం వ్యభిచారం కోసం తెచ్చే ఆడవాళ్ళని ఆపడం. ఆచరణలో దెబ్బ పడింది మాత్రం చైనా ఆడవాళ్ళందరి మీదా. హాంకాంగులో ఓడ ఎక్కేముందే అమెరికన్ కాన్సుల్ దగ్గర తాము మంచి నడవడిక గలవాళ్ళమని నిరూపించుకోవాల్సి వచ్చేది. అంటే రైలుమార్గాలు వేసిన చైనా కూలీలు ఇక్కడ, వాళ్ళ భార్యలు అక్కడ. "నేను ఫలానావాడి భార్యని" అని ఓ కాన్సులేటు ఆఫీసరు ముందు ఋజువు చేసుకోవడం అప్పటి నుంచీ ఉన్నదే.

1882లో చైనీస్ ఎక్స్‌క్లూజన్ యాక్ట్ వచ్చింది. కూలీలు రాకూడదు, వర్తకులు రావచ్చు అన్నారు. మరి వాళ్ళ భార్యల మాటేమిటి? చట్టంలో స్పష్టత లేదు. స్పష్టత లేని చోట కోర్టులు దూరతాయి. 1884లో ఆ మోయ్ అనే ఆవిడ కేసు వచ్చింది. ఆవిడ భర్త కూలీ, అతనికి అమెరికాలోకి తిరిగొచ్చే హక్కు ఉంది. ఆవిడ జీవితంలో కూలిపని చేసిందా లేదా అన్నది కోర్టుకి అనవసరం. కూలీని పెళ్ళాడింది కాబట్టి ఆవిడ హోదా కూడా కూలీయే, కాబట్టి రావడానికి వీల్లేదన్నారు. 1900లో మిసెస్ గూ లిమ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే లెక్కని రెండో వైపు నుంచి వేసింది. ఆవిడ భర్త వర్తకుడు, కాబట్టి విడిగా ఏ సర్టిఫికెటూ లేకుండానే ఆవిడ రావచ్చంది.

ఒకావిడకి తలుపు మూశారు, ఇంకొకావిడకి తెరిచారు. సూత్రం మాత్రం రెండింట్లోనూ ఒకటే. భార్య ఎవరు అన్న ప్రశ్న లేదు, భర్త ఎవరు అన్నదే ప్రశ్న. మా ఆవిడ అడిగిన మాటకి మూలం నాకు ఇక్కడ దొరికింది. 'డిపెండెంట్' అనే పదం తర్వాతెప్పుడో వచ్చుంటుంది గానీ, లాజిక్ మాత్రం అప్పటిదే.

ఇక 1910 నుంచి 1940 దాకా శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలండ్‌లో జరిగిన ఇంటర్వ్యూల గురించి చదివితే మన ఇంటర్వ్యూలు నిజంగా ఎంతో నయం అనిపిస్తుంది. భార్యని ఒక గదిలో, భర్తని ఇంకో గదిలో కూర్చోబెట్టి మీ ఊళ్ళో మీ ఇల్లు ఏ వరసలో ఉంది, మెట్లెన్ని, పక్కింటివాళ్ళెవరు, బియ్యం డబ్బా ఎక్కడుంటుంది లాంటివి అడిగేవాళ్ళు. జవాబులు కలవకపోతే వారాలు, నెలలు అక్కడే నిర్బంధం. మా ఇంట్లో బియ్యం డబ్బా ఎక్కడుంటుందని నన్నడిగితే నేను ఆ రోజే ఓడెక్కి వెనక్కి పోయేవాణ్ణి :)

సరే, మనవాళ్ళ సంగతికొద్దాం.

1917లో వచ్చిన చట్టం ఆసియాలో పెద్ద భాగం చుట్టూ ఒక గీత గీసి, ఆ గీత లోపల పుట్టినవాళ్ళు రాకూడదంది. ఇండియా ఆ గీత లోపలే ఉంది. కొందరికి మినహాయింపు ఇచ్చారు. ఆ జాబితాలో డాక్టర్లు, లాయర్లు, టీచర్లు, విద్యార్థులు, వర్తకులతో పాటు సివిల్ ఇంజినీర్లు కూడా ఉన్నారు. చదువుకున్నవాడికో తలుపు, కూలివాడికో గోడ అన్న పద్ధతి మన హెచ్-1బి నాటిది కాదన్నమాట. ఆ జాబితా చివర ఇంకో మాటుంది. వాళ్ళ వెంట వచ్చే, లేదా తర్వాత వచ్చి చేరే చట్టబద్ధమైన భార్యలకీ, పదహారేళ్ళలోపు పిల్లలకీ ఈ మినహాయింపు వర్తిస్తుందని. ఈ 'వెంట వచ్చే, లేదా తర్వాత వచ్చి కలిసే' అన్న ధోరణిని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దానితో పనుంది.

ఆ జాబితాలో లేనివాళ్ళు పంజాబీ రైతులు. అప్పటికే కాలిఫోర్నియాలో పొలాల్లో పనిచేస్తున్నవాళ్ళు వీళ్ళు. ఊరెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలీదు, భార్యని తెచ్చుకునే దారి లేదు. వాళ్ళలో చాలామంది ఇంపీరియల్ వ్యాలీ చుట్టుపక్కల మెక్సికన్ స్త్రీలని పెళ్ళి చేసుకున్నారు. కేరెన్ లియొనార్డ్ అనే ఆంత్రొపాలజిస్టు ఈ కుటుంబాల మీద 1992లో ఒక మంచి పుస్తకం రాసింది. కొందరికి పంజాబులో అప్పటికే భార్యాపిల్లలున్నారు. అక్కడున్న ఆవిడ గురించి రాసినవాళ్ళు తక్కువ.

1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళ కిందకి రారు, కాబట్టి పౌరసత్వానికి అనర్హులంది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళ దగ్గర కూడా వెనక్కి లాక్కోవడం మొదలెట్టారు. అంతకు ముందు ఏడాదే, 1922లో, కేబుల్ యాక్ట్ వచ్చింది. విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని ఉంచుకోవచ్చని చెప్పిన చట్టమది. కానీ ఒక మెలిక పెట్టారు. భర్త పౌరసత్వానికి అనర్హుడైన జాతివాడైతే ఆమెది కూడా పోతుంది. ఇప్పుడు ఈ రెండిటినీ కలిపి చూడండి. తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ అమెరికాలోనే పుట్టిన మనిషి. భారతీయుడి భార్య అయినందుకు ఆమెకి దేశం లేకుండా పోయింది. దాని గురించి 1926లో ది నేషన్ పత్రికలో ఆవిడే రాసింది. ఈ మెలికని 1931లో గానీ తీసెయ్యలేదు.

ఇక్కడ మా జిల్లావాడి గురించి చెప్పాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మా స్కూల్లో గోడ మీద ఆయన బొమ్మ ఉండేది. ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్, కాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ లాంటి మందుల వెనక ఉన్న మనిషి అని మాస్టారు చెప్పేవారు. మాస్టారు చెప్పని విషయం ఇంకోటుంది. 1919లో ఆయనకి శేషగిరి గారితో పెళ్ళయింది. మామగారి సాయంతో 1923లో హార్వర్డులో చదువుకోవడానికి బయల్దేరారు. అదే థింద్ తీర్పు వచ్చిన ఏడాది. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసివాడిగానే పోయాడు. ఆయన ఆ బిడ్డని చూడలేదు. భార్యని కూడా మళ్ళీ చూడలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులో చనిపోయేదాకా, పాతికేళ్ళు, ఇండియాకి రాలేదు.

దీనికంతటికీ చట్టమే కారణం అనేస్తే అన్యాయం అవుతుంది. డబ్బు లేదు, పని పిచ్చి ఉంది, ఆయన మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది? కానీ చట్టం ఏం చెప్పిందో మాత్రం తెలుసు. 1924 చట్టంలో మతబోధకులకీ, ప్రొఫెసర్లకీ భార్యని తెచ్చుకునే దారి రాశారు. విద్యార్థికి మాత్రం తను రావడానికే దారి, భార్య మాట లేదు. పౌరసత్వం తీసుకుని తెచ్చుకుందామా అంటే 1946 దాకా భారతీయులకి అదీ లేదు. ఒకాయన భార్య కోసం గట్టిగా ప్రయత్నించాడా లేదా అని అడగడానికైనా ముందో తలుపంటూ ఉండాలి కదా. శేషగిరి గారి గురించి రెండు వాక్యాలకి మించి రాసినవి నాకు కనబడలేదు. మా ఆవిడకి ఈ సంగతి ఫోన్లో చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తలుపులు నెమ్మదిగా తెరుచుకున్నాయి. 1945 డిసెంబరులో వార్ బ్రైడ్స్ యాక్ట్ వచ్చింది. యుద్ధానికెళ్ళిన సైనికులు అక్కడ పెళ్ళాడిన భార్యల్ని కోటాతో పని లేకుండా తెచ్చుకోవచ్చన్నారు. మొదట్లో అందులోనూ జాతి అడ్డంకి ఉండేది, 1947లో సడలించారు. 1946 జులైలో లూస్-సెల్లర్ యాక్ట్ భారతీయులకి పౌరసత్వ హక్కు, ఏడాదికి 100 మంది కోటా ఇచ్చింది. వంద! ఇప్పుడు ఒక తెలుగు సంఘం పిక్నిక్‌కి అంతకన్నా ఎక్కువమంది వస్తారు. 1952 చట్టంలో హెచ్-1 అనే అక్షరం పుట్టింది. 'విశిష్ట ప్రతిభ' ఉన్నవాళ్ళు తాత్కాలికంగా వచ్చి పనిచేసి వెళ్ళిపోవడానికి పెట్టిన వీసా. వెళ్ళిపోయేవాడే కదా అనుకున్నారేమో, భార్యాపిల్లల ప్రస్తావన అందులో లేదు.

1965లో దేశాల వారీ వివక్ష కోటాలు తీసేశారు. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల డాక్టర్లు బయల్దేరింది ఆ తర్వాతే. ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆ తరం డాక్టరుగారు నేరుగా గ్రీన్ కార్డు మీద వస్తే, ఆయన భార్యకీ గ్రీన్ కార్డే వచ్చేది. దిగిన మర్నాడే ఉద్యోగం వెతుక్కోవచ్చు. మా ఊరి డాక్టరుగారి భార్య 1970ల్లో వచ్చి బ్యాంకులో చేరిందని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన ఇంజినీరు అమ్మాయిలు ఇంట్లో కూర్చున్నారంటే కాలం ముందుకెళ్ళిందో వెనక్కెళ్ళిందో మీరే చెప్పండి.

1970 ఏప్రిల్ 7. మా ఆవిడ ప్రశ్నకి సూటి జవాబు ఈ తేదీ. ఆ రోజు వచ్చిన చట్టం మూడు పనులు చేసింది. కాబోయే జీవిత భాగస్వాముల కోసం కె వీసా పెట్టింది. కంపెనీలు తమ ఉద్యోగుల్ని అమెరికా ఆఫీసుకి మార్చుకోవడానికి ఎల్ వీసా పెట్టింది. హెచ్ మీద వచ్చేవాళ్ళ 'వెంట వచ్చే, లేదా తర్వాత వచ్చి కలిసే' జీవిత భాగస్వామికీ పిల్లలకీ దారి రాసింది. 1917 నాటి ధోరణే, దాదాపు అవే మాటలు. మనం కూడా అంతేగా, పాత ఫంక్షన్ పనిచేస్తోంది కదా అని కాపీ చేసి అతికిస్తాం. ఇదే హెచ్-4. రావచ్చు, కలిసి ఉండొచ్చు. పని సంగతి మాట్లాడలేదు.

అప్పట్లో ఇది మేలే. ఆరునెలల టూరిస్టు వీసా మీద భార్యని చూసుకునే అవస్థ తప్పింది. సమస్య 1990 చట్టంతో ముదిరింది. హెచ్-1బి వచ్చింది, ఏడాదికి 65,000. ఈ వీసా మీద ఉంటూనే గ్రీన్ కార్డుకి ప్రయత్నించొచ్చన్నారు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ దేశానికైనా అందులో 7 శాతమే పరిమితి. భార్యాపిల్లల్ని కూడా ఆ లెక్కలోంచే తీస్తారు. 2000లో ఇంకో చట్టం హెచ్-1బి సంఖ్యని మూడేళ్ళపాటు 1,95,000కి పెంచింది, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాళ్ళు ఆరేళ్ళు దాటి కూడా పొడిగించుకోవచ్చంది. లోపలికి వచ్చే పైపు వెడల్పయింది, బయటికి పోయే పైపు అంతే ఉంది. ఏమవుతుందో ఇంజినీర్లకి చెప్పాలా? ఆరేళ్ళకని చేసిన తాత్కాలిక వీసా పదిహేనేళ్ళ కాపురం అయిపోయింది. భర్తకి ఆ పదిహేనేళ్ళూ ఉద్యోగం ఉంది. ఆవిడకి లేదు.

ఇందులో ఇంకో విచిత్రం. హెచ్-1బి వాడు పెళ్ళి చేసుకుని భార్యని కొన్ని నెలల్లో తెచ్చుకోవచ్చు. గ్రీన్ కార్డు చేతికొచ్చాక పెళ్ళి చేసుకున్నవాడు మాత్రం ఏళ్ళతరబడి ఆగాలి. ఎందుకంటే అది వేరే కోటా. 2007 జులైలో గ్రీన్ కార్డు దరఖాస్తులకి తేదీలన్నీ ఒక్కసారిగా తెరిచి, మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచిన గందరగోళంలో పెళ్ళికాని మా సీనియర్ ఒకాయన "దేవుడా, నాకు ఇప్పుడే రాకూడదు" అని మొక్కుకున్నాడట. శుభలేఖ మీద ముహూర్తం పంతులుగారు కాదు, వీసా బులెటిన్ నిర్ణయించిన రోజులవి.

2002 జనవరి 16న ఎల్ వీసా వాళ్ళ భార్యాభర్తలకి పనిచేసే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. ఒకే రోజు, ఒకే చట్టంలో పుట్టిన ఎల్, హెచ్ కుటుంబాల్లో ఒకరికి హక్కు వచ్చింది, ఇంకొకరికి రాలేదు. 2007లో మేఘ్నా దమానీ 'హార్ట్స్ సస్పెండెడ్' అనే డాక్యుమెంటరీ తీసేదాకా ఆ రెండోవాళ్ళ గురించి బయట పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు.

చివరికి 2015 మే 26 నుంచి హెచ్-4 ఈఏడీ అమల్లోకొచ్చింది. అందరికీ కాదు. భర్తకి ఐ-140 ఆమోదం అయుండాలి, లేదా ఆరేళ్ళు దాటిన పొడిగింపులో ఉండాలి. మొదటి ఏడాది 1,79,600 మంది అర్హులవుతారని ప్రభుత్వం అంచనా వేసింది. తీసుకున్నవాళ్ళలో పదింట తొమ్మిదిమందికి పైగా భారతీయులే. దీనికీ కుదురు లేదు. ఉద్యోగాలు పోయిన అమెరికన్ ఐటీ వాళ్ళు కొందరు సేవ్ జాబ్స్ యూఎస్ఏ పేరుతో 2015లోనే కోర్టుకెళ్ళారు. వాళ్ళని తిట్టుకోవడం తేలికే గానీ, తన ఉద్యోగం పోయినవాడి కోపం మనకి అర్థం కానిదేం కాదు. మొదటి ట్రంప్ ప్రభుత్వం ఈ రూలు రద్దు చేస్తానంటూ నాలుగేళ్ళు భయపెట్టింది, 2021 జనవరిలో ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు ఈ రూలు చెల్లుతుందంది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. హమ్మయ్య అనుకునేలోపు అదే అక్టోబరు 30 నుంచి, కార్డు రెన్యువల్‌కి పెట్టుకున్నప్పుడు ఆటోమేటిగ్గా వచ్చే పొడిగింపు తీసేశారు.

ఇవన్నీ ఉద్యోగం గొడవలు. అసలు భయం వేరే ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు కాల్చి చంపాడు. ఆయన భార్య సునయన అంత్యక్రియలకి హైదరాబాదు వచ్చింది. భర్త పోవడంతో ఆవిడ వీసా కూడా పోయింది. మనిషి పోయిన దుఃఖంలో ఉండగా, తన ఇంటికి, తన ఉద్యోగానికి తిరిగెళ్ళే హక్కు కూడా లేదని తెలిసింది. ఒక కాంగ్రెస్ సభ్యుడు కల్పించుకుంటే గానీ దారి దొరకలేదు. మిసెస్ గూ లిమ్‌కి తలుపు తీసిన సూత్రమే ఇది, వెనక నుంచి చూస్తే ఇలా ఉంటుంది. అతని వల్ల వచ్చింది, అతనితోనే పోతుంది. సునయన గురించి పత్రికల్లో వచ్చింది కాబట్టి తెలిసింది. గుండెపోటుతోనో, కారు ప్రమాదంలోనో భర్త పోయినవాళ్ళ సంగతి మనకి విరాళాల మెసేజీల్లో తప్ప కనబడదు.

మా ఆవిడ వచ్చి ఎనిమిది నెలలయింది. నా ఐ-140 ఇంకా దాఖలు కాలేదు. వచ్చేనెల మా ఇంటికి మూడో మనిషి రాబోతున్నారు. ఈ రాసినదంతా తనకి చదివి వినిపించాను. 1884 కేసు దగ్గర నవ్వింది, శేషగిరి గారి దగ్గర మళ్ళీ మౌనం. అంతా అయ్యాక, "ఎవరు రాశారో తెలిసింది. మనం ఏం చేద్దాం?" అంది.

ఆ రాత్రి కూర్చుని రెండు విషయాలు రాసుకున్నాం. ఒకటి, నాకేమైనా అయితే తను చేయాల్సిన పనులు, ఎవరికి ఫోన్ చేయాలి, కాగితాలెక్కడున్నాయి, హైదరాబాదులో తన పేరు మీద ఎంత ఉంది. రెండోది ఒక తేదీ. ఆ తేదీలోపు తను పనిచేసే దారి రాకపోతే ఇద్దరం, కాదు ముగ్గురం, సర్దుకుని వెళ్ళిపోతాం. అప్పుడు ఊళ్ళో ఎవరైనా అడిగితే నేను తన డిపెండెంటునని చెప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. తేదీ వేసింది తనే. నేను కింద సంతకం పెట్టాను.